ఎత్తులో వేలాడే కార్మికుడిని దింపేదెవరు? – తెలంగాణ కార్మిక శాఖ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

కోకాపేట, నార్సింగి ప్రాంతాల్లో 40 అంతస్తులు దాటి లేస్తున్న భవనాల వద్ద హెల్మెట్, హార్నెస్ (పడిపోకుండా ఆపేందుకు ఒంటికి బిగించే పట్టీలు) ఉన్నాయా లేవా అని తనిఖీ చేస్తారు. కాలు జారినవాడిని ఆ హార్నెస్ గాలిలో ఆపాక కిందికి ఎవరు, దేనితో, ఎంతసేపట్లో దించుతారన్నది మాత్రం అడిగేవారు అరుదు.

కదలిక లేకుండా వేలాడే మనిషికి తొడల పట్టీలు బిగుసుకుని, రక్తం కాళ్లలోనే నిలిచిపోయి, కొద్ది నిమిషాల్లోనే స్పృహ తప్పవచ్చు. అరగంటలోపే ప్రాణం పోయే ప్రమాదం ఉందని అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా హెచ్చరించింది. అక్కడి నిర్మాణ నిబంధనలు పడినవారిని సత్వరం కాపాడే ఏర్పాటు బాధ్యతను యజమానిపైనే పెట్టాయి. మన దగ్గర 108కు ఫోన్ చేయడమే ప్రణాళికగా చెలామణి అవుతోంది. అంబులెన్స్ గేటు దాకా వస్తుంది, ముప్పయ్యో అంతస్తు బయటి గోడ దాకా రాదు కదా!

కాబట్టి ఎత్తులో పనికి అనుమతి పత్రం ఇచ్చే ముందే వేలాడేవారిని దించే రాతపూర్వక రక్షణ ప్రణాళికను తప్పనిసరి చేయాలని కోరుతున్నాను. దించే తాడు, కప్పీ పనిచేసే చోటే ఉండాలి, స్టోర్ గదిలో తాళం వేసి కాదు. వేలాడుతూనే కాలు మోపి నిలబడేందుకు వీలిచ్చే పట్టీ ప్రతి హార్నెస్‌కూ ఉండాలి. దాని ఖర్చు కూడా స్వల్పమే. ప్రతి షిఫ్టులో శిక్షణ పొందినవారు ఉండాలి. బీహార్, ఒడిశా నుంచి వచ్చినవారే ఎక్కువగా ఉన్న సైట్లలో ఆ శిక్షణ హిందీ, ఒడియాల్లో జరగాలి. తనిఖీకి వచ్చిన అధికారి కాగితం చూసి వెళ్లకుండా, ఒక బొమ్మను వేలాడదీసి తన ఎదుటే దింపించి, పట్టిన సమయాన్ని నివేదికలో రాయాలి.

భవదీయుడు,
ఒక సైట్ భద్రతా పర్యవేక్షకుడు