మా వీధి అర్జీ యూట్యూబ్‌లోకి ఎలా వెళ్లింది?

సంపాదకులకు,

నమస్కారం. మాది గోపాలపట్నం. ప్రభుత్వ అకౌంట్స్ సెక్షన్‌లో 31 ఏళ్లు బిల్లులు పాస్ చేసి రిటైరయ్యాను. ఈ ఉత్తరం మా వీధి గెడ్డ (వాన నీళ్లు, మురుగు పారే కాలువ) దగ్గర మొదలవుతుంది గానీ అక్కడితో ఆగదు. కాస్త ఓపిక పట్టి చదవండి.

పోయిన వానాకాలంలో మా వెనక గెడ్డ గోడ కూలింది. వాన గట్టిగా పడితే ఇళ్లలో మోకాలి లోతు నీళ్లు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక యూట్యూబ్ ఛానెల్ కుర్రాడు లోగో మైకు పట్టుకుని వచ్చాడు. కొత్తగా వేసిన సిమెంటు రోడ్డు ఎలా ఉందని అందరినీ అడుగుతున్నాడు. వీధి చివర టిఫిన్ బండి పెట్టుకునే ఆవిడ ముందు కూడా మైకు పెట్టాడు. నేను ఇడ్లీ పార్సిల్ కోసం పక్కనే నిలబడి ఉన్నాను. ఆవిడ ఒక నిమిషం పైనే మాట్లాడింది. సాయంత్రం వీడియో చూస్తే "రోడ్డు బాగానే ఏసారు బాబూ" అన్న దగ్గర కత్తిరించేశారు. ఆవిడ తర్వాత అన్న మాట "గానీ". అక్కడి నుంచి ఒక్క ముక్క లేదు.

అంతటితో అయితే నేను ఊరుకునేదాన్నే. ఆ తర్వాత జరిగింది వేరు. గోడ కట్టించమని 23 ఇళ్ల వాళ్లం సంతకాలు పెట్టి సంబంధిత కార్యాలయంలో అర్జీ ఇచ్చాం. రాసింది నేనే. వచ్చిన కాగితాలు తీసుకునే ఇన్‌వర్డ్ సెక్షన్‌లో స్టాంపు వేయించుకుని మా కాపీ తెచ్చుకున్నాం. నాలుగో రోజున అదే అర్జీ అదే ఛానెల్‌లో కనిపించింది. ప్రతిపక్షం వాళ్లు ఇంటింటికీ తిరిగి ఇలాంటివి రాయిస్తున్నారని వ్యాఖ్యానం. మా అందరి సంతకాలూ తెర మీద ఉన్నాయి. మొదటి సంతకం చేసిన పెద్దాయన ఫోన్ నంబరూ చెరపలేదు. ఆయన ఏనాడూ ఏ పార్టీ జెండా పట్టలేదు. వారం పాటు వచ్చిన ఫోన్లకు, ఆ బూతులకు బీపీ పెరిగి పడిపోయారు. వాళ్లావిడ సిమ్ తీసి బియ్యం డబ్బాలో దాచింది.

నేను ఆ వీడియోను ఆపి, పెద్దది చేసి చూశాను. కాగితం ఎడమ మార్జిన్‌లో ఆకుపచ్చ సిరాతో రెండు మాటలు, కింద పొట్టి సంతకం ఉన్నాయి. తపాలు చూసే అధికారి, ఫైలు కింది సెక్షన్‌కు పంపేటప్పుడు రాసే ఎండార్స్‌మెంట్ అది. మా దగ్గరున్న కాపీ మీద ఆ రాత లేదు, ఉండే వీలూ లేదు. అంటే ఫోటో తీసింది ఆఫీసు లోపలి కాగితాన్ని. నా ఉద్యోగమంతా ఇలాంటి మార్జిన్లు చదవడంతోనే గడిచింది, ఈ విషయంలో నేను పొరబడను.

ఆ అర్జీ మీద ఏం చర్య తీసుకున్నారో చెప్పమని, ఫైలు నకలు ఇమ్మని సమాచార హక్కు కింద 10 రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టాను. చట్టం పెట్టిన గడువు 30 రోజులు. ఆఖరి రోజున ఒక్క లైను జవాబు వచ్చింది: ఫైలు అందుబాటులో లేదు. సంతకాలు పెట్టిన మాకు నెల తిరిగినా దొరకని కాగితం, ఆ ఛానెల్‌కు నాలుగు రోజుల్లో దొరికింది. నాకు నిద్ర పట్టనివ్వనిది ఇదే.

మా అమ్మాయి ఆక్లాండ్‌లో ఉంటుంది. ఫోన్లో చెబితే, "అమ్మా, ఇక్కడ ఇలాంటిదే ప్రధాని ఆఫీసు దాకా వెళ్లింది" అంది. ఆ వివరాలు వెతికి చదివాను. 2011లో న్యూజిలాండ్ ఎన్నికలకు కొద్ది నెలల ముందు, అప్పటి ప్రతిపక్ష నేత ఫిల్ గాఫ్‌కు నిఘా సంస్థ ఏం చెప్పిందో తెలిపే పత్రాలు పాలక పక్షానికి దగ్గరైన ఒక బ్లాగర్ చేతికి వెళ్లాయి. దొంగదారిన కాదు, అక్కడి సమాచార చట్టం కిందే అడిగి తీసుకున్నాడు. అయితే ప్రధాని జాన్ కీ కార్యాలయంలోని ఒక ఉద్యోగి, ఆ దరఖాస్తుకు పనికొచ్చే సంగతులు అతనికి అందించినట్టు నిఘా సంస్థల ఇన్‌స్పెక్టర్ జనరల్ షెరిల్ గ్విన్ 2014 నవంబరులో తేల్చారు. నిఘా సంస్థ ఇచ్చిన సమాచారం అసంపూర్ణంగా, తప్పుదారి పట్టించేలా ఉందని కూడా రాశారు. ఆ సంస్థ డైరెక్టర్ గాఫ్‌కు క్షమాపణ చెప్పారు. చట్టం అందరికీ ఒక్కటే. నడకలోనే తేడా: అయినవాళ్లకు పరుగు, కానివాళ్లకు కాళ్లరిగే తిరుగుడు. కానీ అక్కడ ఒక మనిషి ఫైలు తెరిచి జరిగింది రాశారు, ఇంకొకరు తప్పయిందన్నారు. మా వీధి పెద్దాయనకు ఆ మాట ఎవరు చెబుతారు?

పక్షపాతం మీద నాకు కోపం లేదని ముందే చెప్పాలి. మన రాష్ట్రంలో గుమ్మం ముందు పడే పేపరును బట్టి ఆ ఇంటి ఓటు చెప్పేస్తారు. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో నేను రోజూ నాలుగు పేపర్లు చదువుతాను. స్టీల్‌ప్లాంటులో నూరు శాతం వాటా అమ్మాలని 2021 జనవరిలో కేంద్రం నిర్ణయించినప్పుడు గానీ, 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించినప్పుడు గానీ ఆ నాలుగింటిలో నాలుగు రకాల స్టీల్‌ప్లాంట్లు కనిపించాయి. ఫరవాలేదు, ఎవరి అభిప్రాయం వారిది. నాలుగూ చదివి నా నిర్ణయం నేను చేసుకోగలను. నేను అడిగేది, అభిప్రాయం వెనక నా పన్ను డబ్బు ఉందా, నా అర్జీ ఉందా అని. ఉంటే అది చెప్పాలి కదా?

ఈ సంగతి కోర్టులకు తెలియంది కాదు. ప్రభుత్వ ప్రకటనలు పాలక పార్టీ ప్రచారం కాకూడదని, ఏదో ఒక మీడియా సంస్థను చేరదీయకుండా పత్రికలన్నిటికీ సమాన ప్రాతిపదికన ఇవ్వాలని కామన్ కాజ్ అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2015 మే 13న చెప్పింది. అయినా 2022లో మన రాష్ట్రంలో వాలంటీర్లు పేపరు కొనుక్కోవడానికి నెలకు తలా 200 రూపాయలు ఇచ్చే జీవో వచ్చింది. అది పాలక పక్షానికి చెందిన పత్రిక అమ్మకాలు పెంచడానికేనంటూ పోటీ పత్రిక కోర్టుకెక్కింది. 2023లో సుప్రీంకోర్టు ఆ కేసును ఢిల్లీ హైకోర్టుకు పంపింది. నేను ఒక్క పార్టీని పట్టుకుని ఇది రాయడం లేదు. ప్రభుత్వం మారిన ప్రతిసారీ నిన్న తిట్టిన ఛానెల్ ఇవాళ పొగుడుతుంది, నిన్న పొగిడింది కేసుల్లో ఇరుక్కుంటుంది. మేమంతా చూస్తూనే ఉన్నాం.

యూట్యూబ్ దగ్గరికొస్తే లెక్క ఇంకా కనిపించకుండా పోయింది. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం 2024 ఆగస్టులో డిజిటల్ మీడియా పాలసీ తెచ్చి, తన పథకాల మీద వీడియోలు చేసే యూట్యూబర్లకు నెలకు 8 లక్షల దాకా ఇస్తామంది. అది మంచిదో చెడ్డదో అలా ఉంచితే, రేటు కాగితం మీద ఉంది. మా గెడ్డ పక్క రోడ్డును పొగిడిన ఛానెల్‌కు ఒక్క రూపాయి అయినా ముట్టిందా అని అడిగితే, ఆ వివరాలు వేరే శాఖలో ఉంటాయన్నారు. ముట్టిందని నేను అనను, రుజువు లేనిదే అనకూడదు. తెలుసుకునే దారి మూసేశారని మాత్రం అంటున్నాను. నా సర్వీసులో టీ ఖర్చు బిల్లుకు రసీదు లేకపోతే వెనక్కి కొట్టేవాళ్లం. ప్రచారానికి పోయే సొమ్ముకు మాత్రం ఎవరికి, ఎందుకు, ఎంత అన్న మూడు గడులు జనం చూడకూడదా?

ఫేస్‌క్రీమ్ గురించి రీల్ చేసే అమ్మాయి డబ్బు తీసుకుంటే ఆ సంగతి రీల్‌లోనే చెప్పాలి. ప్రకటనల ప్రమాణాల సంస్థ 2021లో ఆ నియమం పెట్టింది, 2023లో కేంద్ర వినియోగదారుల శాఖ కూడా అదే చెప్పింది. నా ఓటును మార్చగల వీడియోకు ఆ పాటి కట్టడి కూడా కనిపించడం లేదు. ప్రెస్ కౌన్సిల్‌కు 1978 చట్టం ప్రకారం పత్రికలు, వార్తా సంస్థల మీదే అధికారం ఉంది, యూట్యూబ్ ఛానెళ్ల మీద లేదు. ఎన్నికలప్పుడు జిల్లాల్లో మీడియా పర్యవేక్షణ కమిటీలు కూర్చుని పెయిడ్ న్యూస్, అంటే డబ్బిచ్చి వేయించిన వార్తలు, వెతుకుతాయి. ఓట్ల లెక్కింపు అవగానే ఆ కుర్చీలు ఖాళీ. మిగతా నాలుగున్నరేళ్ల పైచిలుకు ఎవరు చూడాలి?

ఇంత టెన్షన్ ఎందుకమ్మా అని మా వాళ్లే అంటారు. 2020 మే 7 తెల్లవారుజామున ఇక్కడి ఆర్ఆర్ వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విష రసాయనం ఆవిరి లీకై 12 మంది పోయినప్పుడు మేం ఇక్కడే ఉన్నాం. ఆ రాత్రి మళ్లీ లీకవుతోందన్న మాట పాకింది. జనం పిల్లల్ని ఎత్తుకుని, ముసలివాళ్లను బళ్ల మీద ఎక్కించుకుని ఇళ్లు వదిలి పరుగెత్తారు. ఫోన్ నిండా వీడియోలే, ఏది నమ్మాలో తెలియలేదు. ఆ రాత్రి ఒక్క నమ్మదగిన గొంతు కోసం ఎంత వెతుక్కున్నామో మాకు తెలుసు. ఇప్పుడు ఒక్కో ఛానెల్‌నూ ఎవరో ఒకరి మనిషిగా మార్చేస్తుంటే, రేపు అలాంటి రాత్రి వస్తే ఎవరిని నమ్మాలి?

సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ ప్రకారం ఎవరూ అడక్కుండానే ప్రభుత్వ కార్యాలయాలు తమ ఖర్చుల వివరాలు బయటపెట్టాలి. ప్రకటనలకు, వీడియోలకు ఏ పత్రికకు, ఏ ఛానెల్‌కు, ఏ జీవో కింద ఎంత ఇచ్చారో నెలనెలా వెబ్‌సైట్‌లో పెట్టమంటున్నాను. డబ్బిచ్చి చేయించిన వీడియో మీద ఆ మాట తెలుగులో, చదవగలిగే సైజులో వేయమంటున్నాను. జనం ఇచ్చిన అర్జీని సంతకాలతో, ఫోన్ నంబర్లతో బయటికి పంపిన వారెవరో విచారించమంటున్నాను. ఇవేవీ కొత్త చట్టం కావాల్సిన పనులు కావు. ఫైలు లేదన్న ఆ జవాబు మీద సమాచార హక్కు చట్టం కింద మొదటి అప్పీలు వేశాను, రసీదు నా దగ్గరుంది.

మీ పత్రికకు ప్రభుత్వ ప్రకటనల ద్వారా ఏటా ఎంత వస్తుందో కూడా ఈ ఉత్తరం పక్కనే వేయమని అడుగుతున్నాను. ముందు మీరు వేస్తే మిగతా పత్రికల వాళ్లను అడిగే ధైర్యం మాకు వస్తుంది.

చివరగా, వీడియోలో తెగిపోయిన టిఫిన్ బండి ఆవిడ మాట మొత్తం ఇక్కడ రాస్తున్నాను. ఆవిడను అడిగి, మళ్లీ చెప్పించుకుని, చదివి వినిపించి రాశాను. దయచేసి కత్తిరించకుండా వేయండి.

"రోడ్డు బాగానే ఏసారు బాబూ, గానీ వానొస్తే గెడ్డ నీళ్లు ఇంట్లోకొచ్చేస్తన్నాయి. పిల్లల్ని మంచం మీద కూకోబెట్టి రాత్రంతా మేలుకుంటన్నాం. నానబెట్టిన పప్పు రెండు సార్లు మురుగు నీళ్లలో పోయింది. గోడ ఎప్పుడు కడతారో మీరైనా అడగండి."

ఇట్లు,
ఒక రిటైర్డ్ అకౌంట్స్ ఉద్యోగిని
గోపాలపట్నం, విశాఖపట్నం