సంగీతం డిగ్రీ చదవకపోయినా స్కాలర్‌షిప్ వస్తుంది

సంపాదకులు గారికి,

ఇంటర్‌లో చేరగానే వీణో వయొలినో అటకెక్కించేసే ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. ఆ పిల్లలే బీటెక్‌లోకి వచ్చాక మళ్లీ మొదలుపెడదామనుకున్నా, గురువుగారి ఫీజు, హాస్టల్ టైమింగ్స్ చూసి ఆగిపోతారు.

కేంద్ర సాంస్కృతిక శాఖ యువ కళాకారులకు ఇచ్చే స్కాలర్‌షిప్ గురించి వీళ్లలో ఎంతమందికి తెలుసు? 18 నుంచి 25 ఏళ్ల వాళ్లకి నెలకు 5,000 రూపాయల చొప్పున రెండేళ్లు ఇస్తారు. కనీసం 5 ఏళ్లు నేర్చుకుని ఉండాలి, నిపుణుల ముందు పాడి లేదా వాయించి చూపించాలి, అంతేగానీ బీఏ మ్యూజిక్ చదివి ఉండాలన్న షరతేమీ లేదు. సివిల్ ఇంజినీరింగ్ చదివే అమ్మాయి కూడా అప్లై చేయొచ్చు. ఈ మాట కాలేజీ నోటీసు బోర్డు మీద నాకెక్కడా కనబడలేదు!

అమెరికాలో చాలా కాలేజీలు, చదివేది కెమిస్ట్రీ అయినా సరే, ఆడిషన్‌లో నెగ్గి ఆర్కెస్ట్రాలోనో బ్యాండ్‌లోనో వాయించే పిల్లలకి ఎంతో కొంత ఫీజు తగ్గిస్తాయి. మన ఇంజినీరింగ్ అడ్మిషన్లలో ఆటలకు కోటా ఉంది కదా, అలాగే సంగీతానికీ ఏదో ఒకటి చేయొచ్చు. ముందుగా కాలేజీలు ఏడాది మొదట్లో ఒక ఆడిషన్ పెట్టి, ఎంపికైనవాళ్లకి ఫీజులో కొంత రాయితీ, ప్రాక్టీసుకి ఒక గది, కచేరీ ఉన్న రోజు అటెండెన్స్ ఇస్తే చాలు.

ఆ స్కాలర్‌షిప్ నోటిఫికేషన్ వచ్చినప్పుడు మీ పత్రిక విద్యా పేజీలో చివరి తేదీతో సహా పెద్దగా వేయమని కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, విజయవాడ