ఎద్దులు మేం చేసినవి కావు, మూపురాలు మాత్రం మావే

కర్నూలు పాతబస్తీలోని మా షాపులో ఫ్రేములు, ఇంటి ఎలివేషన్లు, పెళ్లి వీడియోలు చేయించుకున్న అందరికీ నమస్కారం. మా బొమ్మల్లో ఏది మేం చేసింది, ఏది బయటి నుంచి తెచ్చింది అన్న సంగతి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టి ఊరుకుందామనుకున్నా గానీ, రెండు లైన్లలో తేలేది కాదు.

కంప్యూటర్‌లో త్రీడీ బొమ్మగా చేసి ఫ్రేము కట్టిన మా 'మిద్దె ఇల్లు' మీలో చాలామందికి తెలుసు. మట్టి మిద్దె, ముందు అరుగు, చింతచెట్టు కింద బండి, దానికి కట్టిన జత ఎద్దులు. ఒక అక్క వాళ్ల తాతగారి ఇంటి గుర్తుగా అడిగితే మొదట చేశాం. అది చూసి ఇంకో 13 మంది తమ ఊరి పేరుతో చేయించుకున్నారు. "ఎద్దుల్ని భలే చేసినావన్నా" అని ఎవరన్నా అంటే నవ్వి ఊరుకునేవాణ్ణి. ఒకరిద్దరితో "అంతా మా చేతి పనే" అని కూడా అన్నాను.

పది రోజుల కిందట ఒకమ్మ ఫ్రేము తీసుకెళ్లడానికి కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. అబ్బాయి బెంగళూరులో బ్లెండర్ అనే త్రీడీ బొమ్మల సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటున్నాడంట. బొమ్మను కాసేపు చూసి, "అన్నా, ఈ ఎద్దులు నెట్‌లో అమ్మకానికి ఉన్నాయి కదా. అక్కడ మూపురం లేదు" అన్నాడు. షాపులో అప్పుడు ఇంకో ఇద్దరు కస్టమర్లు ఉన్నారు. నాకు చెమటలు పట్టాయి.

వాడు చెప్పింది నిజం. టర్బోస్క్విడ్, సీజీట్రేడర్ లాంటి వెబ్‌సైట్లలో మనుషులు, జంతువులు, సోఫాలు, చెట్లు త్రీడీ మోడళ్లుగా దొరుకుతాయి. మేం కొన్నవి విదేశీ జాతి ఎద్దులు, వాటికి మూపురం ఉండదు. మూపురం పెట్టి, కొమ్ములు సాగదీసి, గంగడోలు వేలాడదీసి మన ఎద్దుల్లాగా మార్చుకున్నాం. దానికి నాలుగు రోజులు పట్టింది. కానీ కాళ్లు, కండలు, నడక, ఆ కళ్లు... అవన్నీ ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి కూర్చుని చేసినవి.

ఆ మోడల్ లైసెన్సు రాయల్టీ ఫ్రీ. ఒకసారి డబ్బు కడితే ఎన్ని బొమ్మల్లో వాడుకున్నా మళ్లీ కట్టనక్కర్లేదు. పేరు వేయాలన్న షరతు కూడా దాంట్లో లేదు. అంటే ఎద్దుల విషయంలో నేను రూలేమీ తప్పలేదు. మీతో అబద్ధం చెప్పాను, అంతే. 'అంతే' అనడం కూడా సరికాదులెండి. ఆళ్లగడ్డలో విగ్రహం చేయించుకొచ్చి గుడిలో పెట్టినాయన, నేనే చెక్కానని చెప్పుకుంటే ఎట్లుంటుంది?

చింతచెట్టుతో ఇంకా చిక్కు. అది ఊరికే దొరికింది, క్రియేటివ్ కామన్స్ అనే సంస్థ వాళ్ల 'సీసీ బై' లైసెన్సు కింద. వాళ్లు డబ్బు అడగరు, పేరు అడుగుతారు. చేసినవాళ్ల పేరు, ఎక్కడిది, ఏ లైసెన్సు, మనం ఏమైనా మార్చామా, ఇవన్నీ చెప్పాలి. మేం ఒక్కటీ చెప్పలేదు. షరతు తప్పితే వాడుకునే హక్కు పోతుంది. కానీ 2013లో వచ్చిన ఆ లైసెన్సు 4.0 వెర్షన్‌లో ఒక వెసులుబాటు ఉంది: తప్పు తెలిసిన 30 రోజుల్లోపు సరిదిద్దుకుంటే పోయిన హక్కు దానంతటదే తిరిగొస్తుంది. మాకు 20 రోజులు మిగిలాయి.

మన కాపీరైట్ చట్టం కూడా చదివాను. 1957 నాటి ఆ చట్టంలో 57వ సెక్షన్ ప్రకారం, హక్కులన్నీ అమ్మేసుకున్నా సరే, ఆ పని తనదని చెప్పుకునే హక్కు చేసినవాడికే ఉంటుంది.

ఇక నిజంగా మావి ఏవంటే, మిద్దె, అరుగు, బండి, వెలుతురు, నీడ. నేల మీది బండలు కూడా మావే. ఆన్‌లైన్‌లో ఓక్ చెక్క నేల కావాలంటే వంద రకాలు దొరుకుతుంది, బేతంచెర్ల బండ కోసం వెతికి వెతికి విసిగిపోయాం. చివరికి మబ్బు పట్టిన రోజు చూసుకుని మేమే వెళ్లి, బొమ్మలో నేలకు వేయడానికి ఫొటోలు తీసుకొచ్చాం. ఎండలో తీస్తే రాయి మీద నీడలు పడి పనికిరావు.

"అయితే రేటు తగ్గిస్తారా?" అని ఒకాయన అడిగాడు. తగ్గించను. మోడల్ కొన్నంత మాత్రాన బొమ్మ అయిపోదు. కానీ చేతి పని అన్న నా మాట నమ్మి కొన్నవాళ్లు ఫ్రేము తిరిగిచ్చేస్తే డబ్బు మొత్తం ఇచ్చేస్తాను, ఎందుకని అడగను.

కొందరు "డబ్బు ఇచ్చాం కదా, అసలు ఫైల్ ఇవ్వండి" అంటుంటారు. ఇమేజ్, వీడియో ఎన్నైనా ఇస్తాం. కొన్న మోడల్ ఉన్న ఫైల్ ఇవ్వడమంటే మోడల్‌నే పంచిపెట్టినట్టు, దానికి లైసెన్సు ఒప్పుకోదు. ఇన్నాళ్లూ ఈ మాట చెప్పకుండా "ఫైల్ పోయింది సార్" అని తప్పించుకున్నాను. అదీ అబద్ధమే.

ఇకమీదట ప్రతి బిల్లు మీద ఏది మాది, ఏది కొన్నది, ఏది ఉచితంగా తెచ్చింది అని రాసి ఉంటుంది. ఎలివేషన్లలో కనిపించే కార్లకు, చెట్లకు కూడా.

'మిద్దె ఇల్లు' తీసుకున్న 14 మందికి ఫ్రేము వెనక అంటించుకోవడానికి స్టిక్కర్ ఇస్తాం. షాపుకు రాలేని వాళ్లకు మేమే తెచ్చిస్తాం. అందులో ఎద్దులు, చింతచెట్టు చేసినవాళ్ల పేర్లు, కింద చిన్నగా 'మూపురాలు, కొమ్ములు, గంగడోలు మేం మార్చినవి' అని ఉంటుంది. ప్రింటుకు ఇచ్చే ముందు ఆ బెంగళూరు అబ్బాయికి పంపిస్తే ఒక పేరులో స్పెల్లింగ్ తప్పు పట్టుకున్నాడు. సరిచేసి పంపాం, గురువారానికి వస్తాయి.