పడవకు కరెంటు మోటారు కొనేవాళ్లు ముందు బ్యాటరీ లెక్క చూసుకోండి

ఎడిటర్ గారికి నమస్కారం.

నాకు ఆకివీడులో మోటార్ వైండింగ్ షాపు ఉంది. మా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు, సబ్‌మెర్సిబుల్ పంపులు. ఈమధ్య వాటి పక్కన కొత్త సరుకు ఒకటి చేరింది. చిన్న పడవ వెనక చెక్కకు బిగించుకుని, బ్యాటరీతో నడుపుకునే మోటార్లు. అట్టపెట్టె మీద ట్రోలింగ్ మోటార్ అని ఉంటుంది. కొల్లేటి లంకల వాళ్లు, కొల్లేటి నీటిని సముద్రంలో కలిపే ఉప్పుటేరు మీద వల వేసేవాళ్లు, చేపల చెరువుల్లో మేత పడవ తిప్పేవాళ్లు తెస్తున్నారు. చిన్న పడవలకు బ్యాటరీ మోటార్ల గురించి మీ పత్రికలో వచ్చిన వార్త చదివాను. పెట్రోలు ఖర్చు తగ్గుతుందని, పొగ, చప్పుడు ఉండవని రాశారు. అవన్నీ నిజమే. కాకపోతే కొనేవాడు ఏం చూసుకుని కొనాలో అందులో ఒక్క ముక్క లేదు. వేలకు వేలు పోసి కొన్నాక నా షాపుకి వచ్చి తల పట్టుకునే వాళ్లను చూస్తున్నాను కాబట్టి ఆ ముక్కేదో నేను రాస్తున్నాను.

అసలు ఈ మోటారు ఎందుకు పుట్టిందో తెలిస్తే సగం గందరగోళం పోతుంది. 1934లో అమెరికాలో నార్త్ డకోటా రాష్ట్రం ఫార్గో ఊళ్లో ఓ.జి. ష్మిట్ అనే ఆయన దీన్ని తయారుచేశాడు. మిన్ కోటా కంపెనీ అలా మొదలైందే. అక్కడి వాళ్లు పెద్ద పెట్రోలు ఇంజనుతో చెరువు నడిమికి పోయి, దాన్ని ఆపేసి, చేప బెదరకుండా మెల్లగా తిరగడానికి ఈ చిన్న మోటారు వాడతారు. అంటే ఇది మెల్లగా పోవడానికి చేసిన వస్తువు. మనవాళ్లు దీన్ని ఇంజనుకు బదులుగా కొంటున్నారు. కొనకూడదని కాదు. మన పడవ చిన్నది, పోయే దూరం తక్కువైతే ఇదొక్కటే సరిపోతుంది. కానీ దాని దగ్గర ఏం ఆశించాలో తెలిసి కొనాలి.

అమ్మేవాళ్లు ముందు చెప్పేది పౌండ్ల లెక్క. 30 పౌండ్లు, 45 పౌండ్లు, 55 పౌండ్లు అని. అది నీళ్లను వెనక్కి తోసే బలం. దాన్ని వేగం అనుకుంటున్నారు చాలామంది. ఎద్దు బలం వేరు, గుర్రం పరుగు వేరు, ఇది ఎద్దు. 30 పౌండ్ల మోటారు పెట్టినా 55 పౌండ్లది పెట్టినా గాలి లేని నీళ్లలో చిన్న పడవ గంటకు ఐదు నుంచి ఎనిమిది కిలోమీటర్ల మధ్యే ఆగిపోతుంది. పెద్ద మోటారుతో వచ్చే లాభమల్లా ఎదురుగాలిలో, ఎదురు ప్రవాహంలో, బరువు మీద పడవ నిలదొక్కుకోవడమే. "ఇది 5 హెచ్‌పీ ఇంజనుతో సమానం" అని ఎవరైనా చెబితే అక్కడే ఆపి అడగండి. 12 వోల్టుల మీద 50 ఆంపియర్లు లాగితే 600 వాట్లు. ఒక హెచ్‌పీ 746 వాట్లు. ఇక 5 హెచ్‌పీ ఎక్కడి నుంచి వస్తుంది?

ఎన్ని పౌండ్లు కావాలో చూసుకోవడం తేలిక. పడవ, మనుషులు, వలలు, ఐస్ పెట్టె, బ్యాటరీ అన్నీ కలిపిన బరువులో కనీసం నూటికి రెండు వంతులు తోపుడు బలం ఉండాలని ఈ మోటార్ల కంపెనీలే చెబుతాయి. వంద కిలోల ఫైబర్ పడవ, ఇద్దరు మనుషులు 130, వలా ఐసూ చేపా 70, బ్యాటరీ 50 అనుకోండి. మొత్తం 350 కిలోలు. అందులో నూటికి రెండంటే 7 కిలోలు, అంటే పదిహేను పదహారు పౌండ్లు. ఇది కదలని నీటికి లెక్క. మన దగ్గర మధ్యాహ్నం గాలి లేస్తుంది, ఉప్పుటేరులో పోటు ఎదురవుతుంది. అందుకని దానికి రెట్టింపు వేసుకోండి. 30 పౌండ్లు చాలు, 45 అయితే ధీమా. చేపల చెరువులో తవుడు బస్తాలు వేసుకుని మేత సంచులు కట్టిన కర్రకర్రకీ ఆగుతూ పోయే మేత పడవైతే బస్తాల బరువు కూడా కలుపుకోవాలి. అక్కడ 55 పెట్టినా తప్పులేదు. అంతకు మించి 24 వోల్టులవి, 36 వోల్టులవి, కాలితో నడిపేవి, జీపీఎస్‌తో ఒకేచోట నిలిపి ఉంచేవి కూడా దొరుకుతాయి. రెండు బ్యాటరీలు, మూడు బ్యాటరీలు మోసుకుంటూ పదహారడుగుల పడవలో మనిషెక్కడ కూర్చుంటాడు? మనకు చేతిపిడి ఉండి, వెనక చెక్కకు బిగించే 12 వోల్టుల రకం చాలు.

ఇప్పుడు అసలు సంగతి. మోటారుకు పెట్టే డబ్బు కంటే బ్యాటరీకి ఎక్కువ పెట్టాల్సి వస్తుంది, పెట్టాలి కూడా. ఇక్కడే అందరూ చెయ్యి వెనక్కి లాగుతారు. ఇంట్లో ఇన్వర్టర్‌కు వాడే 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్) ట్యూబులర్ బ్యాటరీ తెచ్చి పడవలో పెడతారు. 150 అని రాసి ఉంది, మోటారు 40 ఆంపియర్లు లాగుతుంది, కాబట్టి మూడు గంటల ముప్పావు వస్తుందని లెక్క వేసుకుంటారు. రాదు. ఆ 150 అనే అంకె ఇరవై గంటల పాటు మెల్లగా, అంటే ఏడున్నర ఆంపియర్ల చొప్పున వాడుకుంటే వచ్చేది. 40 లాగితే అదే బ్యాటరీ వందకు కాస్త అటూ ఇటూగా ఇస్తుంది. పైగా ఇలాంటి సీసం బ్యాటరీని రోజూ సగానికి మించి దించితే తొందరగా చస్తుంది. అంటే ఫుల్ స్పీడులో మీ చేతికి నికరంగా వచ్చేది గంటన్నర లోపే. దాని బరువు 50 కిలోలకు పైమాటే. పడవ ఒక పక్కకు ఒరిగిందంటే యాసిడ్ కారుతుంది. కారు బ్యాటరీ అయితే ఇంకా అన్యాయం. అది సెల్ఫ్ కొట్టడానికి ఒక్క క్షణం గట్టిగా ఇచ్చే రకం. దాన్ని గంటల తరబడి పిండితే నెలల్లోనే పనికిరాకుండా పోతుంది.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ధర వింటే ముందు గుండె ఝల్లుమంటుంది. కానీ 100 ఏహెచ్‌ది పది నుంచి పదమూడు కిలోల లోపే ఉంటుంది, ఒంటి చేత్తో ఒడ్డుకు తెచ్చుకోవచ్చు. నూటికి ఎనభై తొంభై వంతుల దాకా వాడుకోవచ్చు. 40 ఆంపియర్ల మీద రెండు గంటలు ధైర్యంగా నడుస్తుంది. చార్జింగుకి ఒకటిన్నర యూనిట్ కరెంటు, అంటే పది పదిహేను రూపాయలు. ఇందులో రెండు విషయాలు మాత్రం షాపువాడిని గట్టిగా అడిగి తీసుకోవాలి. ఒకటి, లోపల బీఎంఎస్ అనే కాపలా బోర్డు ఎన్ని ఆంపియర్లదో. మోటారు 50 లాగేదైతే బోర్డు కూడా 50దే ఉంటే కుదరదు, నడి ఏట్లో టక్కున కట్ చేస్తుంది. వంద ఆంపియర్లదైతే నిశ్చింత. రెండోది చార్జర్. పాత ఇన్వర్టర్‌కు తగిలించి చార్జ్ చేస్తామంటే ఒప్పుకోవద్దు. దాని వోల్టేజీకి తగ్గ చార్జర్ బ్యాటరీతో పాటే కొనండి.

వేగం సంగతి కూడా బ్యాటరీతోనే ముడిపడి ఉంది. నీళ్లలో వేగం కొంచెం పెంచాలంటే కరెంటు చాలా ఎక్కువ పోయాలి. అదే సగం వేగానికి తగ్గించి పొండి, కరెంటు నాలుగో వంతు కూడా పట్టదు. కానీ ఇది పీడబ్ల్యూఎం రకం మోటార్లలోనే, అంటే రెగ్యులేటర్‌లా మెల్లగా తిప్పుకునే వాటిలోనే. ఐదు గేర్లు అని అమ్మే చవక రకాల్లో తక్కువ స్పీడులో కూడా కరెంటులో కొంత లోపలి చుట్టల్లో వేడిగా పోతుంది. నాలాంటి వైండింగ్ వాడికి ఐదు గేర్లది రిపేరు చేయడం సులువు, అయినా కొనేవాళ్లకు నేను పీడబ్ల్యూఎం రకమే చెబుతాను.

తీగ గురించి చెప్పకపోతే నా వృత్తికి ద్రోహం చేసినట్టు. పడవ ముందు భాగంలో బ్యాటరీ, వెనక మోటారు, మధ్యలో ఇంటి వైరింగ్‌కు వాడే 4 చదరపు మిల్లీమీటర్ల తీగ. ఇలాంటివి ఎన్నో చూశాను. మూడు మీటర్ల దూరం పోయి రావాలంటే 50 ఆంపియర్ల మీద ఆ తీగలోనే దాదాపు 1.4 వోల్టులు మాయమవుతాయి. మోటారుకు చేరేది పదిన్నరో పదకొండో. తీగ వేడెక్కుతుంది, క్లిప్పు కరుగుతుంది, "మోటారుకు పవర్ లేదు బాబాయ్" అని నా దగ్గరికి వస్తారు. 16 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేస్తే నష్టం మూడోవంతు వోల్టుకు పడిపోతుంది. బ్యాటరీ ప్లస్ దగ్గరే 60 ఆంపియర్ల బ్రేకర్ ఒకటి పెట్టండి. మొసలి క్లిప్పులు తీసేసి తీగ చివర లగ్గు వేసి నట్టు బిగించండి.

పోయిన ఎండాకాలం ఒక లంక నుంచి కుర్రాడొకడు గోనెసంచిలో మోటారు పట్టుకొచ్చాడు. "తిరుగుతోంది గానీ ఒకటే గరగర, బాబాయ్" అన్నాడు. నీళ్లను తోసే ఫ్యాను నట్టు విప్పి, పిన్ను తీసి చూస్తే రెక్కల వెనక షాఫ్టుకు నైలాన్ వల దారం చుట్లు చుట్లుగా బిగిసి, రాపిడి వేడికి కరిగి ముద్ద కట్టింది. బ్లేడుతో కోసి ఆ ముద్ద పెరికాను. దాని కింద రబ్బరు సీలు అంచు తెగి ఉంది. మోటారు గొట్టం తెరవగానే గోధుమరంగు నీళ్లు కారాయి. బేరింగ్ తుప్పు పట్టింది, బ్రష్షుల బొగ్గు తడిసి బురదలా అంటుకుంది. సీలు ఖరీదు వందల్లో. ఆ సీలు తెగడం వల్ల పోయిన ఆర్మేచర్, అంటే లోపల తిరిగే తీగ చుట్టల భాగం, ఖరీదు వేలల్లో. వల వేసే మనిషి మోటారుకు దారం చుట్టుకోకుండా ఉండదు. వేట నుంచి వచ్చిన ప్రతిసారీ ఫ్యాను విప్పి వెనక చూసుకోవడమొక్కటే మార్గం. ఐదు నిమిషాల పని. ఫ్యాను పిన్ను, నట్టు స్పేరు పడవలో ఉండాలి. నీళ్లలో పాతిన కర్రకు రెక్క తగిలితే ముందు విరిగేది ఆ పిన్నే. అది విరగడం మంచిదే, లేకపోతే షాఫ్టు వంగుతుంది.

ఉప్పుటేరు వాళ్లకు ఇంకో మాట. ఎండాకాలంలో పోటుతో సముద్రపు నీరు పైకి ఎగదన్నుతుంది. మంచినీళ్ల రకం మోటారు అల్యూమినియం ఆ ఉప్పుకు పొడిపొడిగా రాలిపోతుంది. ఉప్పునీటికి పనికొస్తుందని పెట్టె మీద రాసి ఉన్నదే తీసుకోండి. దానికి జింకు బిళ్ల ఒకటి వస్తుంది. మోటారుకు బదులు తాను కరిగిపోవడమే దాని పని. అరిగాక మార్చాలి. దాని మీద పెయింట్ వేస్తే పని చేయదు, ఆ ముచ్చట కూడా చూశాను. వాడిన తర్వాత మంచినీళ్లతో కడగండి.

కొల్లేటి వాళ్ల బాధ వేరు, లోతు. వేసవిలో చాలాచోట్ల మోకాటి లోతే. మోటారును నీళ్లలోకి దించే కాడ మరీ పొడుగున్నది కొంటే ఫ్యాను బురద తవ్వుతుంది. పొట్టిదైతే ఫ్యాను నీటి పైకొచ్చి గాలి పీల్చి ఊరికే గిరగిరా తిరుగుతుంది. పడవ వెనక చెక్క పైఅంచు నుంచి నీటి మట్టం దాకా కొలిచి, దానికి ఇరవై అంగుళాల దాకా కలుపుకుని అంత కాడ చూసుకోండి. ఎత్తు మార్చుకునే రకమైతే మంచిది. గుర్రపు డెక్కలోకి మాత్రం ఏ మోటారునీ తోలొద్దు. నాచు పట్టని ఫ్యాను అని అమ్మేవి సన్నపాటి నాచును వదిలించుకుంటాయి గానీ, డెక్క వేరు చుట్టుకుంటే ఏదీ తట్టుకోదు. రెండు క్షణాలు రివర్స్ తిప్పి చూడండి, పోకపోతే స్విచ్ ఆపి, చేతికి గెడ తీసుకోండి. తాటి దోనెకు ఈ మోటారు పెడతామని కూడా అడుగుతున్నారు. వెనక అంత బరువు, పక్కకు అంత తోపు వస్తే దోనె తిరగబడుతుంది. నేనైతే బిగించి ఇవ్వను.

రోజూ పది పదిహేను కిలోమీటర్లు పోయి వచ్చేవాళ్లు, వరదలో ఏటికి ఎదురెక్కాల్సిన వాళ్లు ఇంజను అమ్మేసి దీన్ని కొనకండి. వాళ్లకు ఇది రెండో మోటారుగా ఉంటే సరి.

చివరిగా మత్స్యశాఖ వారికి మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో సాధారణ వర్గాలకు 40 శాతం, ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు 60 శాతం సాయం పెట్టారు. ఇలాంటి పథకాల కింద చిన్న పడవలకు కరెంటు మోటార్లు ఇవ్వాలనుకుంటే మోటారు ఒక్కదానికే కొటేషన్ అడగొద్దు. మోటారు, బ్యాటరీ, చార్జర్, తీగ, బ్రేకర్ కలిపి ఒకే కొటేషన్ అడగండి. అందులో ఫుల్ స్పీడులో మోటారు ఎన్ని ఆంపియర్లు లాగుతుందో, ఆ బ్యాటరీతో ఎంతసేపు నడుస్తుందో తెలుగులో రాయించండి. లేకపోతే సబ్సిడీ మోటారు చేతికొస్తుంది, బ్యాటరీ దగ్గర జాలరి మళ్లీ అప్పు చేస్తాడు. దుకాణాల వాళ్లకు కూడా చెప్పేది ఇదే: ఒక పూట నీళ్లలో పెట్టి చూసుకోనివ్వండి. అందుకు ఒప్పుకోని దుకాణంలో కొనొద్దని నా దగ్గరికొచ్చే వాళ్లకు చెబుతూనే ఉన్నాను.

ఇట్లు,
ఒక మోటార్ వైండింగ్ మెకానిక్,
ఆకివీడు, పశ్చిమ గోదావరి జిల్లా