'షోగనాయ్' అని అనేది ఎవరు, ఎవరితో?

ఎడిటర్ గారికి నమస్తే,

మొన్న ఆదివారం అనుబంధంలో జపాన్ వాళ్ళ 'షికతా గా నాయ్' (వాడుకలో 'షోగనాయ్', అంటే 'ఇంక చేసేదేం లేదు') అనే మాట మీద వేసిన ఆర్టికల్ చదివానండీ. మన చేతుల్లో లేనిదాని గురించి బుర్ర పాడుచేసుకోకండి, టెన్షన్లు తగ్గుతాయి, హాయిగా నిద్రపడుతుంది అన్న టైపులో సాగింది. బాగానే ఉంది. భూకంపాలు తుఫాన్లు ఎప్పుడూ ఉండే దేశం, 'షోగనాయ్' అనేసి మళ్ళీ పనిలో పడకపోతే అక్కడ బతకడం కష్టమే, మనం 'ఏం చేస్తాంలే' అనుకోమా ఏంటి. కానీ దెబ్బ తిన్నవాడు తనకి తాను చెప్పుకోవడం వేరు, కుర్చీలో కూర్చున్నాయన వచ్చి వాడికి చెప్పడం వేరు, ఈ రెండో సంగతి మీ ఆర్టికల్‌లో ఒక్క లైను కూడా లేదు.

2007 జూన్ 30న అప్పటి జపాన్ రక్షణ మంత్రి క్యూమా ఫుమియో ఓ యూనివర్సిటీలో మాట్లాడుతూ, అణుబాంబులతోనే యుద్ధం ముగిసింది, కాబట్టి అది షోగనాయ్ అనుకుంటున్నా అన్నట్టు అనేశాడు. ఆయన ఎక్కణ్ణుంచి గెలిచిన ఎంపీ అనుకుంటున్నారు? నాగసాకి ప్రాంతం నుంచే! బాంబు బాధితులు, హిబాకుషా అంటారు వాళ్ళని, భగ్గుమన్నారు, నాగసాకి మేయరూ ఊరుకోలేదు, జూలై 3కల్లా మంత్రి పదవి ఊడింది. ఆ నెలాఖర్లో ఎగువ సభ ఎన్నికలున్నాయి కాబట్టి దిగిపోయాడంటారా, అదీ ఉండొచ్చు, కానీ సర్దుకుపోవడం వాళ్ళ రక్తంలోనే ఉంది అని మీరు రాసిన జనమే కదండీ ఆయన్ని దింపింది. 1975లో హిరోహిటో చక్రవర్తి కూడా ప్రెస్ మీట్‌లో హిరోషిమా గురించి అడిగితే, పాపం ఆ ఊరివాళ్ళు, కానీ యుద్ధం కదా తప్పలేదు అనే అర్థంలోనే జవాబిచ్చాడు, చక్రవర్తి గనక రాజీనామా గొడవ లేదు.

అమెరికాలోనూ ఇదే కథ. జపాన్‌తో యుద్ధం నడుస్తుండగా 1942లో ప్రెసిడెంట్ ఆర్డర్ ఒకటి వచ్చింది, లక్షా ఇరవై వేల మంది దాకా జపాన్ మూలాలున్నవాళ్ళని ఇళ్ళు పొలాలు షాపులు వదిలేయించి ముళ్ళకంచెల క్యాంపుల్లో పడేశారు, అందులో మూడింట రెండొంతుల మంది అక్కడే పుట్టిన అమెరికా పౌరులే. పెద్దవాళ్ళు చాలామంది షికతా గా నాయ్ అనుకుని మూటలు సర్దుకున్నారు, తుపాకులు పట్టుకుని నించుంటే ఇంకేం అంటారు లెండి. ఫ్రెడ్ కోరెమత్సు అనే కుర్రాడు మాత్రం నేను రాను అన్నాడు, అరెస్టయ్యాడు, 1944లో సుప్రీంకోర్టులో ఓడిపోయాడు, ఆ శిక్ష కొట్టేయడానికి 1983 దాకా పట్టింది. క్యాంపుల్లో పెరిగిన పిల్లలు, ఆ తర్వాత తరం వాళ్ళు ఏళ్ళ తరబడి కొట్లాడితేనే 1988లో గవర్నమెంటు సారీ చెప్పి, బతికున్నవాళ్ళకి తలా 20,000 డాలర్లు ఇచ్చింది. అప్పటికే చాలామంది పోయారు.

మళ్ళీ జపాన్‌కే వస్తే, మినమత అనే ఊరి సంగతి మరీ ఘోరం. ఫ్యాక్టరీ పాదరసం సముద్రంలోకి వదిలితే చేపలు తిన్నవాళ్ళ నరాలు చచ్చుబడ్డాయి, జబ్బు సంగతి 1956లోనే బయటపడ్డా గవర్నమెంటు కారణం ఒప్పుకున్నది 1968లో, జాలరి కుటుంబాలు కోర్టుకెక్కి 1973లో గెలిచాయి. వీళ్ళు జపాన్ వాళ్ళు కారా?

ఇంకోసారి ఈ టాపిక్ వేస్తే నిహోన్ హిడాంక్యో గురించి కూడా ఓ అరపేజీ ఇవ్వండి సార్, 1956 నుంచి అణుబాంబులు వద్దని తిరుగుతున్న ఆ బాధితుల సంఘానికి 2024లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది.

ఇట్లు,
మీ రెగ్యులర్ పాఠకుడు, గుంటూరు