పై అంతస్తులో ఫ్లోరింగ్ మార్చేవాళ్లకు

అందరికీ నమస్కారం. ఫ్లోరింగ్ మార్చాలనుకునేవాళ్లు రంగు, డిజైన్ కంటే ముందు చప్పుడు సంగతి చూసుకోండి. టైల్స్ మీద కుర్చీ జరిపినా, గిన్నె జారినా కింది ఇంట్లో వినిపిస్తుంది. లామినేట్ (చెక్కలా కనిపించే పలకలు) వేయిస్తే కింద అండర్‌లే, అంటే చప్పుడు తగ్గించే పలుచని పొర, ఉండాల్సిందే. మెత్తగా ఉంటే ఇంకా మంచిది కదా అనుకోకండి. మరీ మెత్తనైతే నడిచినప్పుడల్లా పలకలు కుంగి, వాటిని ఒకదానికొకటి పట్టి ఉంచే లాకులు విరుగుతాయి. కంపెనీ చెప్పిన మందమే వాడండి. గోడల వెంబడి 8–10 మిల్లీమీటర్ల సందు వదలమని పనివాళ్లకు గట్టిగా చెప్పండి, స్కర్టింగ్ (గోడ అడుగున వేసే పట్టీ) వేస్తే అది కనపడదు. సందు లేకపోతే తేమకు నేల ఉబ్బి పైకి లేస్తుంది. వంటగదికి మాత్రం నా ఓటు వినైల్‌కే (ప్లాస్టిక్ రకం ఫ్లోరింగ్), మామూలు లామినేట్‌కు నీళ్లు పడవు. పాత టైల్స్ మీదే వేయిస్తుంటే తలుపులు ఆనుతాయేమో ముందే కొలుచుకోండి. కటింగ్ మిషన్ మోత మామూలుగా ఉండదు, కింది వాళ్లకు ముందురోజే ఒక మాట చెప్పండి.