ముంబయిలో పెళ్లి, గడ్చిరోలికి నోటీసు

సంపాదకులకు నమస్కారం.

ముంబయిలో ఉద్యోగం చేస్తున్న మా అన్నగారి అబ్బాయి, 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద అక్కడే పెళ్లి చేసుకోదలిచాడు. వధూవరుల్లో ఒకరైనా నోటీసుకు ముందు 30 రోజులు ఆ జిల్లాలో ఉండి ఉండాలి, నోటీసు ప్రచురించాక మరో 30 రోజులు ఆగాలి, ముగ్గురు సాక్షులు కావాలి. ఇంతవరకు మాకు పేచీ లేదు.

స్థిర నివాసం వేరే జిల్లాలో ఉంటే నోటీసు ప్రతిని అక్కడి వివాహాధికారికి పంపి, ఆ కార్యాలయంలోనూ అంటించాలన్న నిబంధన ఉంది. ఆ సంగతి మొదట చెప్పని గుమాస్తా, తీరా గడువు ముగిశాక గడ్చిరోలి నుంచి జవాబు రాలేదంటూ కుర్రాణ్ణి వెనక్కి పంపాడు. ప్రతిని పంపమన్న చట్టం జవాబు వచ్చేదాకా ఆగమని అనలేదు. మా సిరొంచ నుంచి జిల్లా కేంద్రం సుమారు 200 కిలోమీటర్లు. వానాకాలంలో ఆ ప్రయాణం ఎలా ఉంటుందో ప్రాణహిత ఒడ్డువాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. పైగా నోటీసు ఇచ్చిన మూడు నెలల్లో పెళ్లి జరగకపోతే మళ్లీ కొత్త నోటీసు ఇవ్వాలి.

నోటీసు ప్రతిని ఏ తేదీన, ఎక్కడికి పంపారో దరఖాస్తుదారుకు రాసిచ్చేలా ప్రభుత్వం ఆదేశించాలని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, సిరొంచ, గడ్చిరోలి జిల్లా